మానని పుండు... ఆరని కుంపటి

దెబ్బ తగిలినచోట వాపు తెచ్చేదీ, మోకాలికి నొప్పి పుట్టించేదీ, క్యాన్సర్ కణితికి కూడూ నీళ్లూ మోసేదీ ఒకే ఎంజైమ్. దాని నోరు నొక్కే మందులు నల్గొండ జిల్లాలో తయారై దేశదేశాలకు వెళ్తున్నాయి. మరి అదే జిల్లాలో నొప్పి గోలీలు మింగుతున్న కూలీకి ఆ ఎంజైమ్ కథ ఏం చెబుతోంది?

తెల్లారీ తెల్లారకముందే పాలమూరులో లేబర్ అడ్డా నిండిపోతుంది. తట్టా పారా, సద్దిగిన్నె, భుజాన తువ్వాల. యాభై దాటిన కూలీల చొక్కా జేబుల్లో తరచూ రెండు వస్తువులు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి తంబాకు పొట్లం. రెండోది నొప్పి గోలీల పట్టీ. పని మొదలయ్యే ముందు చిటికెడు తంబాకు దవడన పెడతారు. పొద్దుగూకాక నడుం పట్టేస్తే గోలీ మింగుతారు. ఒకటి ఒంట్లో నిప్పు రాజేస్తుంది. రెండోది నిప్పు ఆర్పుతుంది.

చిత్రమేమిటంటే ఆ రాజేసేదానికీ ఆర్పేదానికీ ఒంట్లో చిరునామా ఒకటే. సైక్లో ఆక్సిజనేజ్-2 అనే ఎంజైమ్. పేరు పెద్దది కాబట్టి శాస్త్రవేత్తలు కుదించి కాక్స్-2 అంటారు. పొగాకు, వక్క రసాలు నోటి లోపలి పొరను తాకితే అక్కడి కణాల్లో ఇది పెరుగుతుంది. నొప్పి మాత్ర మింగితే తగ్గుతుంది. ఇంతవరకే అయితే ఇది కీళ్ల డాక్టర్ల వ్యవహారం. కానీ గత ముప్పై ఏళ్లుగా క్యాన్సర్ డాక్టర్లు కూడా దీని వెంట పడ్డారు. కణితి పుట్టడానికి, పెరగడానికి, పక్క అవయవాలకు పాకడానికి కాక్స్-2 చేయూతనిస్తోందని తేలడమే కారణం.

రోమన్ వైద్యం చెప్పిన నాలుగు గుర్తులు

కాల్లో ముల్లు గుచ్చుకుంటుంది. కాసేపటికి ఆ చోటు ఎర్రబడుతుంది, వాస్తుంది, వేడెక్కుతుంది, సలుపుతుంది. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట రోమ్‌లో సెల్సస్ అనే పండితుడు ఈ నాలుగు గుర్తుల్నీ లాటిన్‌లో రాసిపెట్టాడు. అందులో వాపుకు ఆయన వాడిన మాట ‘ట్యూమర్’. ఇవాళ మనం గుండెలదిరేలా వినే మాట అప్పట్లో ఉత్త వాపే! తెలియకుండానే ఆ రెంటినీ ఒకే పేరు కింద కట్టేశారన్నమాట.

1863లో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో క్యాన్సర్ కణితుల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే తెల్లరక్తకణాలు గుంపులు గుంపులుగా కనిపించాయి. గాయం దగ్గర ఉండాల్సినవాళ్లకు ఇక్కడేం పని? చాలాకాలం వాపు, ఒరిపిడి ఉన్నచోటే క్యాన్సర్ పుడుతుందేమోనని ఆయన అనుమానించాడు. ఆ మాట ఎవరికీ పెద్దగా పట్టలేదు. శతాబ్దానికి పైగా గడిచాక, 1986లో అమెరికా శాస్త్రవేత్త హెరాల్డ్ డ్వోరాక్ మళ్లీ అదే దారికి వచ్చాడు. కణితి అంటే మానని పుండు అన్నాడు. గాయం మాన్చడానికి శరీరం చేసే పనులన్నీ కణితి చుట్టూ కూడా జరుగుతుంటాయి. తేడా ఒక్కటే. గాయం దగ్గర పని అయిపోతుంది. కణితి దగ్గర అవదు.

జీతగాడు, గుంపు మేస్త్రీ

పని అయిపోకపోవడమంటే ఏమిటో తెలియాలంటే కాక్స్ అన్నదమ్ముల సంగతి తెలియాలి.

మన కణాల గోడల్లో అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు పదార్థం ఉంటుంది. దెబ్బ తగిలితే అది గోడ నుంచి ఊడి వస్తుంది. కాక్స్ ఎంజైమ్ దాన్ని అందుకుని ప్రోస్టాగ్లాండిన్లుగా మార్చే పని మొదలుపెడుతుంది. ఇవి ఒంట్లో అటూ ఇటూ కబుర్లు మోసే రసాయనాలు. 1930ల్లో స్వీడన్ శాస్త్రవేత్త వాన్ ఆయిలర్ వీటిని వీర్యంలో చూసి, ప్రోస్టేట్ గ్రంథి నుంచి వస్తున్నాయనుకుని ఆ పేరు పెట్టాడు. నిజానికి ఒంట్లో దాదాపు ప్రతి కణజాలమూ వీటిని తయారుచేస్తుంది. పేరు తప్పయినా అదే స్థిరపడిపోయింది.

ఆస్పిరిన్ 1899 నుంచే బజార్లో ఉంది. కానీ అది నొప్పినెలా తగ్గిస్తుందో డెబ్బై ఏళ్లపాటు ఎవరికీ తెలియదు. ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటుందని 1971లో బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్ చూపించాడు. 1982లో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఆయన ఒకడు. ఆ తర్వాత ఇంకో ఇరవై ఏళ్లకు, 1991లో, అసలు మలుపు వచ్చింది. ఒకటే అనుకున్న కాక్స్ ఎంజైమ్ ఒకటి కాదు, రెండని తేలింది.

కాక్స్-1 ఏడాది పొడుగునా ఇంట్లో ఉండే జీతగాడి లాంటిది. పొట్ట లోపలి పొరను ఆమ్లం నుంచి కాపాడటం, రక్తం గడ్డకట్టేందుకు సాయం చేయడం వంటి రోజువారీ పనులు దానివి. కాక్స్-2 గుంపు మేస్త్రీ లాంటిది. మామూలుగా చాలాచోట్ల కనిపించదు. మెదడు, మూత్రపిండాల వంటి చోట్ల మాత్రం కొద్దిగా ఉంటుంది. ఎక్కడైనా దెబ్బ తగిలిందంటే చాలు, గంటల్లో దిగిపోతుంది. కబుర్లు పంపి కూలీలను పిలిపిస్తుంది. రక్తనాళాలు వెడల్పవుతాయి, తెల్లకణాలు దిగుతాయి, నరాలకు సెగ తగులుతుంది. మరమ్మతు పూర్తయితే మేస్త్రీ తన గుంపుతో సహా వెళ్లిపోతాడు. వాపు దిగుతుంది.

ఈ మేస్త్రీ పంపే కబుర్లలో ముఖ్యమైనదాని పేరు ప్రోస్టాగ్లాండిన్ ఇ2. కణాల మీద దీన్ని అందుకునే గ్రాహకాలు నాలుగు రకాలు. వాటిలో మూడో రకానికి మన ఊళ్లతో ఓ వింత చుట్టరికం ఉంది. నల్గొండ, మహబూబ్‌నగర్ చెల్కల్లో తరతరాలుగా పండించిన ఆముదం తెలుసుగా! పాలెం పరిశోధన కేంద్రం కొత్త వంగడాలు తీసిందీ ఆ పంటలోనే. ఆముదం తాగితే విరేచనం ఎందుకవుతుందో 2012లో జర్మనీ శాస్త్రవేత్తలు తేల్చారు. ఆముదంలోని రిసినోలియిక్ ఆమ్లం పేగుల్లో ఆ మూడో రకం గ్రాహకాన్నే తట్టి లేపుతుందట. అమ్మమ్మ చెంచాడు ఆముదం పోసిన ప్రతిసారీ ప్రోస్టాగ్లాండిన్ల తలుపే కొట్టిందన్నమాట, సంగతి తెలియకుండానే.

కణితి కొలువులో

క్యాన్సర్ విషయానికొద్దాం. 1994లో అమెరికాలో రేమండ్ డుబోయ్ బృందం పెద్దపేగు క్యాన్సర్ కణితుల్ని పరీక్షిస్తే, పదిటిలో ఎనిమిదికి పైగా కణితుల్లో కాక్స్-2 విపరీతంగా ఉంది. పక్కనున్న ఆరోగ్యకరమైన పేగులో లేదు. తర్వాత రొమ్ము, ఊపిరితిత్తి, జీర్ణాశయం, క్లోమం, నోటి క్యాన్సర్లలోనూ కనిపించింది. పని అయ్యాక వెళ్లిపోవాల్సిన మేస్త్రీ అక్కడే పాగా వేశాడు.

వేసి ఏం చేస్తున్నాడు? ముందుగా, చావాల్సిన కణాలను చావనివ్వడు. మామూలు కణం జన్యువులు చెడితే తనను తాను చంపుకుంటుంది. అది ఒంటి క్రమశిక్షణ. ఇ2 కబురు అందిన కణంలో ఆ ఏర్పాటు మందగిస్తుంది, విభజన వేగం పెరుగుతుంది. చెడ్డ విత్తనం మొలకెత్తడానికి అదను దొరికినట్టే.

కణితి ఓ మిల్లీమీటరో రెండో దాటి పెరగాలంటే నెత్తురు కావాలి. చెరువుకు దూరంగా ఉన్న చెలక లాంటిది అది. కాలువ తవ్వితే తప్ప పారదు. కాక్స్-2 ఉన్న కణితి కణాలు రక్తనాళాలను పెంచే రసాయనాలను కుమ్మరిస్తాయని, కొత్త నాళాలు వాటివైపు మొలుచుకొస్తాయని 1998లో డుబోయ్ బృందమే ప్రయోగశాలలో చూపించింది. కాలువలు తవ్వడంలో పాలమూరు మేస్త్రీలకు పేరుంది కానీ, ఈ మేస్త్రీ తవ్వే కాలువ మాత్రం ఊరిని ముంచేది.

ఇక వ్యాప్తి. క్యాన్సర్‌తో చనిపోయేవారిలో ఎక్కువమంది మొదటి కణితి వల్ల చనిపోరు. అది ఇంకోచోటికి పాకడం వల్ల చనిపోతారు. పాకాలంటే చుట్టూ ఉన్న కణజాలపు కట్టను తెంచాలి. కాక్స్-2 ఎక్కువైన కణాలు ఆ కట్టను కరిగించే ఎంజైములను విడుదల చేస్తాయి, కదిలే గుణాన్ని పెంచుకుంటాయి. అదే సమయంలో ఇ2 కబురు ఒంటి కాపలాదార్లయిన టి-కణాలనూ, సహజ హంతక కణాలనూ మగతలో పడేస్తుంది. తలారిని నిద్రపుచ్చి గోడకు కన్నం వేసినట్టు. ఇన్ని పనులు ఒక్క ఎంజైమ్ చేస్తుందంటే నమ్మడం కష్టమే. ఒక్కటే చేయదు, నిజమే. క్యాన్సర్‌కు వంద దారులున్నాయి. కానీ వాటిలో చాలా దారులు ఈ కూడలి మీదుగా వెళ్తాయి.

తెలుగు చేతులు

మరి ఆ కూడలి మూసేస్తే? ఆ ప్రశ్నకు జవాబు వెతికినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు.

పేగు క్యాన్సర్‌కూ తిండికీ సంబంధం మీద జీవితమంతా పనిచేసిన శాస్త్రవేత్త బండారు ఎస్. రెడ్డి. పీచు, కొవ్వు గురించి ఇవాళ డాక్టర్లు చెప్పే చాలా మాటల వెనక ఆయన ఎలుకల ప్రయోగాలున్నాయి. న్యూయార్క్ దగ్గరి వల్హాలాలో, అమెరికన్ హెల్త్ ఫౌండేషన్ ప్రయోగశాలలో ఆయనా, చింతలపల్లి వి. రావూ, జపాన్‌కు చెందిన కవమోరీ, మరో శాస్త్రవేత్త కలిసి ఓ పని చేశారు. ఎలుకలకు పేగు క్యాన్సర్ తెప్పించే రసాయనం ఎక్కించారు. కొన్నింటికి మేతలో సెలెకాక్సిబ్ కలిపారు. కాక్స్-1 జోలికి పెద్దగా పోకుండా కాక్స్-2నే పట్టుకునే మందు అది. 1998లో ఫలితాలు అచ్చయ్యాయి. మందు తిన్న ఎలుకల్లో కణితులు వచ్చినవి 93 శాతం తగ్గాయి. కణితుల సంఖ్య 97 శాతం పడిపోయింది. క్యాన్సర్ నివారణ పరిశోధనల్లో అంత పెద్ద అంకెలు అరుదు.

హైదరాబాద్‌లోనూ పని జరిగింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పల్లు రెడ్డన్న బృందం, బెంగళూరులోని ఐఐఎస్సీతో కలిసి 2000లో ఓ పరిశోధన వెలువరించింది. స్పైరులినా నాచుకు నీలిరంగునిచ్చే సి-ఫైకోసయనిన్ అనే ప్రొటీన్ కాక్స్-2ను ప్రత్యేకంగా అడ్డుకుంటుందని అందులో చూపించారు. అంతకుముందే, 1992లో, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు పొగతాగేవారికి రోజుకు ఒకటిన్నర గ్రాముల చొప్పున నెలరోజులు పసుపు ఇచ్చి చూశారు. వాళ్ల మూత్రంలో జన్యువులను చెడగొట్టే పదార్థాలు తగ్గాయి. పసుపులోని కుర్కుమిన్ ఎలుకల్లో పేగు కణితులను తగ్గిస్తుందని 1995లో రావు, రెడ్డి బృందం కూడా చెప్పింది. అయితే పసుపు తింటే క్యాన్సర్ రాదని దీనికి అర్థం కాదు. మింగిన కుర్కుమిన్‌లో నెత్తుటిలోకి చేరేది బహు కొద్ది. గాజు పలకలో గెలిచినదంతా మనిషి కడుపులో గెలవదు.

గుండె అడ్డం పడింది

సెలెకాక్సిబ్ కూడా మనిషి దగ్గరికొచ్చేసరికి ఆ 93 శాతాన్ని తేలేకపోయింది. వంశపారంపర్యంగా పేగులో వందల కొద్దీ పిలకలు వచ్చే జబ్బున్న 77 మంది మీద పరీక్షిస్తే, ఎక్కువ మోతాదు ఆరునెలలు వాడినవారిలో పిలకలు 28 శాతం తగ్గాయి. అయినా అది ఆశే. మామూలు మనుషుల్లో పేగు పిలకలు మళ్లీ రాకుండా ఆపుతాయా అని పెద్ద పరీక్షలు మొదలయ్యాయి.

అక్కడే బెడిసికొట్టింది. రోఫెకాక్సిబ్ అనే ఇంకో కాక్స్-2 మందును దాదాపు 2,600 మంది మీద పరీక్షిస్తుంటే, ఏడాదిన్నర దాటాక మందు వాడుతున్నవారిలో గుండెపోట్లు, పక్షవాతాలు ఉత్తుత్తి మాత్ర వాడినవారికంటే రెట్టింపయ్యాయి. 2004 సెప్టెంబర్ 30న వయాక్స్ పేరుతో అమ్ముతున్న ఆ మందును కంపెనీ ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకుంది. అదే ఏడాది చివర్లో మన దేశమూ నిషేధించింది. సెలెకాక్సిబ్ పరీక్షలోనూ పిలకలు బాగా తగ్గాయి, గుండె ముప్పు మాత్రం పెరిగింది.

కారణం మేస్త్రీ చేసే ఇంకో పనిలో ఉంది. రక్తనాళాల లోపలి పొరలో కాక్స్-2 వల్ల ప్రోస్టాసైక్లిన్ అనే పదార్థం తయారవుతుంది. నెత్తురు గడ్డకట్టకుండా అది చూస్తుంది. ప్లేట్‌లెట్లలో కాక్స్-1 వల్ల తయారయ్యే థ్రాంబాక్సేన్ నెత్తురు గడ్డకట్టిస్తుంది. ఈ రెంటి మధ్యా తూకం. ఒక వైపు పళ్లెం మాత్రమే ఎత్తేస్తే తక్కెడ రెండోవైపు ఒరిగిపోతుంది. ఒంట్లో పూర్తిగా చెడ్డ ఎంజైమ్ అంటూ ఉండదని ఆ పరీక్షలు పెద్ద మూల్యంతో నేర్పాయి.

హైవే పక్కన మందు, ఊళ్లో నొప్పి

హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే మీద గంట ప్రయాణిస్తే చౌటుప్పల్. 2016 దాకా నల్గొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. దాని పక్కనే లింగోజిగూడెంలో దివీస్ ల్యాబొరేటరీస్ తొలి ఫ్యాక్టరీ 1995లో మొదలైంది. న్యాప్రోక్సెన్ అనే నొప్పి మందును ప్రపంచంలో అతి ఎక్కువగా తయారుచేసే కంపెనీల్లో దానిది ముందు వరస. న్యాప్రోక్సెన్ పనిచేసేది కాక్స్-1, కాక్స్-2 రెంటి మీదా. మిర్యాలగూడ దగ్గరి పెద్దదేవులపల్లిలో డాక్టర్ రెడ్డీస్ ముడి మందుల ఫ్యాక్టరీ ఉంది. ఇటు జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో మరికొన్ని మందుల కంపెనీలు వెలిశాయి. వాపు తగ్గించే మందుల్లో కొంతభాగమైనా ఈ ఎర్రనేల మీదుగా ప్రపంచానికి వెళ్తుంది.

ఊళ్లో మింగేవి వేరు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నిమెసులైడ్. కిరాణా కొట్లో కూడా విడి గోలీలు దొరికే ఊళ్లున్నాయి. ఇవన్నీ కాక్స్-2ను అడ్డుకునేవే. నిమెసులైడ్‌ను పన్నెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడదని 2011లో కేంద్రం ఆంక్ష పెట్టింది. పెద్దవాళ్లకు మాత్రం నొప్పి వస్తే గోలీ, ఎక్కువైతే ఆర్‌ఎంపీ దగ్గర సూది. ఎకరాలకెకరాలు తవ్విన నడుములవి, ఆనకట్టల రాళ్లు మోసిన మెడలవి. తప్పు పట్టడానికి మనసొప్పదు.

నల్గొండలో దీనికి ఇంకో పొర ఉంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు రెండు మూడు తరాలు ఫ్లోరైడ్ నీళ్లు తాగాయి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్న చోట దానికి ఎన్నోరెట్లు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరే ఉంది. ఇప్పుడు ఇళ్లకు కృష్ణా నీళ్లు వస్తున్నాయి. కానీ వంగిన ఎముక నిటారు కాదు, బిగిసిన కీలు వదులు కాదు. ఆ నొప్పికి దిక్కు గోలీయే.

ఒంట్లోని ఫ్లోరైడ్‌ను బయటికి పంపేది మూత్రపిండాలు. ఆ మూత్రపిండాల్లోకి నెత్తురు సరిగా పారేలా చూసే పనిలో కాక్స్-2కూ వాటా ఉంది. ఎండలో చెమటోడ్చి, నీళ్లు తక్కువ తాగి, ఖాళీ కడుపున నొప్పి గోలీ వేసుకుంటే ఆ పారుదల తగ్గుతుంది. ఏళ్ల తరబడి అలా జరిగితే కిడ్నీ దెబ్బతింటుంది. కిడ్నీ దెబ్బతింటే ఫ్లోరైడ్ ఒంట్లోనే నిలుస్తుంది, ఎముకకే చేరుతుంది. గోలీ తగ్గించే నొప్పిని గోలీయే పెంచే అవకాశం ఉందన్నమాట.

ఇంత గోలీ తింటున్నాం కదా, క్యాన్సరైనా రాకుండా ఉంటుందా? న్యాయమైన ప్రశ్నే. ఆస్పిరిన్ తరచుగా వాడేవారిలో పేగు క్యాన్సర్ తక్కువని 1988లో ఆస్ట్రేలియాలోనూ, 1991లో ఆరు లక్షలమందికి పైగా అమెరికన్ల లెక్కల్లోనూ తేలింది. కానీ మన రెండు జిల్లాల బాధ పేగు క్యాన్సర్ కాదు. ఇక్కడ మగవాళ్లను ఎక్కువగా పట్టేవాటిలో నోటి, గొంతు క్యాన్సర్లున్నాయి. నోట్లో తెల్లమచ్చలు వచ్చినవారికి సెలెకాక్సిబ్ ఇచ్చి చూసిన అమెరికన్ పరీక్షలో మచ్చలు తగ్గలేదు. పైగా మచ్చలకు కారణమైన తంబాకు దవడలో రోజంతా ఉంటే, పొద్దుగూకాక మింగిన గోలీ ఏం చేస్తుంది? కుంపట్లో బొగ్గులేస్తూ పైన నీళ్లు చిలకరించడమే. వక్క, గుట్కా నమిలేవారిలో నోటి లోపలి పొర గట్టిపడి నోరు తెరుచుకోని జబ్బు వస్తుంది. ఆ కణజాలంలోనూ కాక్స్-2 రాజుకునే ఉంటుంది. వక్క ఒక్కటే నమిలినా క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 2004లోనే తేల్చింది.

పాత మందు, కొత్త కొలువు

అలాగని కాక్స్ కథ వయాక్స్‌తో ముగియలేదు. ఆరోగ్యంగా ఉన్న అందరికీ ఇచ్చే మందుగా ఓడిపోయింది. ఎవరికివ్వాలో ఎంచి ఇచ్చే మందుగా నెమ్మదిగా లేస్తోంది. పేగు క్యాన్సర్ ఆపరేషన్ అయినవారిలో కణితిలో ఒకానొక జన్యుమార్గం చెడి ఉంటే, మూడేళ్లపాటు రోజుకు 160 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తే జబ్బు తిరగబెట్టడం సగానికి తగ్గిందని స్వీడన్ నాయకత్వంలో జరిగిన పరీక్ష 2025లో చెప్పింది. అదే ఏడాది కేంబ్రిడ్జ్ బృందం ఇంకో గమ్మత్తు బయటపెట్టింది. ప్లేట్‌లెట్ల థ్రాంబాక్సేన్ టి-కణాలను అణచిపెడుతోందట. ఆస్పిరిన్ ఆ సంకెళ్లు విప్పితే అవి లేచి, పాకొచ్చిన క్యాన్సర్ కణాలను ఎలుకల్లో చంపుతున్నాయి. అంటే వ్యాప్తి విషయంలో కాక్స్-2 మేస్త్రీనే కాదు, ఇంటి జీతగాడు కాక్స్-1నూ అనుమానించాల్సి వచ్చింది. అలాగని డెబ్బై దాటిన ఆరోగ్యవంతులకు రోజూ ఆస్పిరిన్ ఇచ్చిన పెద్ద పరీక్షలో క్యాన్సర్ మరణాలు తగ్గకపోగా కాస్త పెరిగాయి. డాక్టర్ చెప్పకుండా మొదలుపెట్టేది కాదు.

మనకు దగ్గరి కబురు ముంబై నుంచి వచ్చింది. ముదిరిపోయిన నోటి, గొంతు క్యాన్సర్‌తో వచ్చే పేదవాళ్లకు ఖరీదైన మందులు కొనే శక్తి ఉండదు. మూడు వారాలకోసారి వచ్చి సెలైన్ కట్టించుకునే ఓపికా ఉండదు. టాటా మెమోరియల్ ఆస్పత్రి డాక్టర్లు 422 మంది మీద ఓ పరీక్ష చేశారు. సగంమందికి అలవాటు ప్రకారం సిస్‌ప్లాటిన్ సెలైన్. మిగతావారికి ఇంట్లోనే వేసుకునే రెండు చవక మాత్రలు. వారానికోసారి మెథోట్రెక్సేట్, రోజుకు రెండుసార్లు సెలెకాక్సిబ్. 2020లో అచ్చయిన ఫలితాల ప్రకారం సెలైన్ తీసుకున్నవారి సగటు ఆయుష్షు 6.1 నెలలైతే, మాత్రలవారిది 7.5 నెలలు. తీవ్రమైన దుష్ఫలితాలూ మాత్రలవారిలోనే తక్కువ. తర్వాత ఈ రెంటికీ ఎర్లోటినిబ్ మాత్ర చేర్చి, దాంతోపాటు రోగనిరోధక శక్తిని లేపే నివోలుమాబ్‌ను అతి తక్కువ మోతాదులో ఇచ్చి చూశారు. మాత్రలతోనే సరిపెట్టిన వారిలో ఏడాది బతికినవారు వందకు 16 మంది. నివోలుమాబ్ కూడా అందినవారిలో 43 మంది.

పాలమూరు కూలీ జేబులోని గోలీకీ, ఈ సెలెకాక్సిబ్‌కూ చుట్టరికం దగ్గరిదే. రెండూ ఒకే ఎంజైమ్ నోరు మూస్తాయి. ఒకటి నడుంనొప్పికి, ఇంకొకటి ఆఖరి నెలల్ని కొంచెం పొడిగించడానికి. ఆరు నెలలు ఏడున్నరవడం చిన్న సంగతి కాదు, ఆ ఇంట్లోవాళ్లకు. కానీ అదే పుండును ఏడాది ముందు చూసి ఉంటే లెక్క నెలల్లో ఉండేది కాదు, ఏళ్లలో ఉండేది.

మూడు వేళ్లు

ఏడాది ముందు ఎందుకు చూడరు? మొదట్లో ఆ పుండు నొప్పి పెట్టదు గనక. మిరపకాయ తగిలితే కాస్త మంట. పన్ను గీసుకుందేమో అనుకుంటారు. నొప్పి మొదలయ్యేసరికి అది లోతుకు దిగి ఉంటుంది. అప్పుడు కూడా గోలీ ఉంటుంది జేబులో. వేసుకుంటే రెండు పూటలు తగ్గుతుంది. ఇంకో నెల గడుస్తుంది. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి రెండు జిల్లాల నుంచి బస్సులెక్కి వచ్చేవారిలో చాలామంది కథ ఇదే వరసలో నడుస్తుంది. 1955 నుంచి ఆ ఆస్పత్రి పేదలకు పెద్దదిక్కు. 2019లో బీబీనగర్‌లో ఎయిమ్స్ మొదలయ్యాక భువనగిరి, నల్గొండ వాళ్లకు ఇంకో ద్వారం దగ్గరైంది.

అంత దూరం వెళ్లేముందు చూసుకోవాల్సింది ఇంటి అద్దంలోనే ఉంది. బుగ్గ లోపల, నాలుక కింద, చిగురు వెంబడి. రెండు మూడు వారాలైనా మానని పుండు, గీకినా పోని తెల్ల లేదా ఎర్ర మచ్చ, మెడలో గడ్డ, మారిన గొంతు. ముప్పై దాటినవారికి నోటి పరీక్ష ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల పనుల జాబితాలోనే ఉంది. దానికి కావాల్సిన సరంజామా ఒక టార్చిలైటు, ఒక చెక్క పుల్ల.

గుట్కా, వక్క అలవాటున్నవారికి అదీ అక్కర్లేని పరీక్ష ఒకటుంది. చూపుడు, నడిమి, ఉంగరపు వేళ్లు మూడూ కలిపి నిలువుగా నోట్లో పెట్టాలి. పట్టాయా సరే. రెండే పట్టాయంటే లోపల పొర బిగుసుకుంటోందని అర్థం. జేబులోని పొట్లం ఆ రోజే పారేసి, పక్క ఊరి ఆరోగ్య కేంద్రానికి నడవాల్సిన సమయం వచ్చింది.